మహమ్మారి రోజుల్లో క్యాజువాలిటీ: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు జిల్లాల పరిధిలోని ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో నేను చాలా ఏళ్ళు నర్సుగా చేశాను. 2020లోనూ, 2021లోనూ డ్యూటీలోనే ఉన్నాను. ఇప్పటికీ టీవీలో కొత్త వైరస్ అని స్క్రోలింగ్ కనిపిస్తే చాలు, వీధిలో వాళ్ళూ చుట్టాలూ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే కంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. బోర్డు మీద అత్యవసర విభాగం అని ఉంటుంది, డాక్టర్లు ఎమర్జెన్సీ అంటారు, మన జనం నోట్లో మాత్రం అది క్యాజువాలిటీయే. నేనూ అదే మాట వాడతాను.

మహమ్మారి వస్తే క్యాజువాలిటీ మూసేస్తారా?

మూయరు. ఓపీలు తగ్గిస్తారు, హెర్నియా, కంటి శుక్లం లాంటి ఆగగలిగే ఆపరేషన్లు వాయిదా వేస్తారు. క్యాజువాలిటీ 24 గంటలూ ఉంటుంది. అయితే ఎక్కడికి వెళ్ళాలన్నది మారిపోవచ్చు. కోవిడ్ అప్పుడు రాగోలులోని జెమ్స్‌ని, నెల్లిమర్లలోని మిమ్స్‌ని కోవిడ్ ఆస్పత్రులుగా మార్చారు. ఏళ్ళ తరబడి అక్కడే చూపించుకునే బీపీ, షుగర్, గుండె జబ్బు వాళ్ళు ఒక్కసారిగా దారి మార్చుకోవాల్సి వచ్చింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన వాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి బయల్దేరే ముందు మీ ఊరి ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో ఒక్క ఫోన్ చేసి, మామూలు కేసులు ఇప్పుడు ఎక్కడ చూస్తున్నారో కనుక్కోండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం కనుక్కుంటూ కూర్చోవద్దు, దగ్గర్లో ఏది ఉంటే దానికి వెళ్ళిపోండి.

గేటు దగ్గరే ఆపి అన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తారు?

మామూలు రోజుల్లో క్యాజువాలిటీ గుమ్మంలో తేలాల్సింది ఒక్కటే: ముందు ఎవర్ని చూడాలి? దీన్ని ట్రయేజ్ అంటారు. ఊపిరి అందని వాళ్ళు, రక్తం కారుతున్న వాళ్ళు, స్పృహ లేని వాళ్ళు ఎరుపు. కాసేపు ఆగగలిగిన వాళ్ళు పసుపు. నడుచుకుంటూ వచ్చి నడుచుకుంటూ వెళ్ళగలిగిన వాళ్ళు ఆకుపచ్చ. మహమ్మారి వస్తే దీనికి రెండో ప్రశ్న తోడవుతుంది: ఈ మనిషిని ఎటు పంపాలి? అనుమానం ఉన్న వైపా, లేని వైపా? ఈ రెండో ప్రశ్న కోసమే షామియానా కింద బల్ల, థర్మల్ గన్, వేలికి పెట్టే ఆక్సీమీటరు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జ్వరం ఉందని చెబితే లోపలికి రానివ్వరేమో అని ఇంటి దగ్గరే డోలో వేసుకుని, "జ్వరం లేదు మేడం" అనేవాళ్ళు. థర్మల్ గన్ కూడా లేదనే చూపించేది. రెండు గంటల తర్వాత, డెలివరీ అయిన తల్లి పక్క మంచం మీద, ఆ జ్వరం మళ్ళీ పైకి వచ్చేది. నిజం చెప్పినంత మాత్రాన మిమ్మల్ని వెనక్కి పంపరు, వేరే గుమ్మంలోంచి తీసుకెళ్తారు.

ఆక్సీమీటరు పెట్టే వేలికి గోళ్ళ రంగు ఉంటే, చెయ్యి చల్లబడి ఉంటే అంకె సరిగా రాదు. చెయ్యి రుద్ది, వేలు మార్చి చూడమని మీరు అడగొచ్చు.

నాన్నకి ఛాతీలో నొప్పి. ఆస్పత్రికి తీసుకెళ్తే కరోనా అంటుకుంటుందని ఇంట్లోనే ఉంచితే తప్పా?

తప్పే. ఈ పేజీ రాయడానికి కూర్చున్నది ప్రధానంగా ఈ ప్రశ్న కోసమే.

2020 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. రాష్ట్రంలో కేసులు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది మన రెండు జిల్లాల్లోనే. ఆ నెల మూడు వారాలు గడిచినా శ్రీకాకుళంలో ఒక్క కేసు లేదు, విజయనగరంలో మొదటి కేసు మే నెలలో గానీ రాలేదు. అయినా మా క్యాజువాలిటీ మార్చి ఆఖరుకే సగం ఖాళీ. రోగం ఇంకా ఊళ్ళోకి రాలేదు, భయం మాత్రం వచ్చేసింది. ప్రపంచమంతా ఇదే కథ. అమెరికాలో 2020 మార్చి చివరి నుంచి ఏప్రిల్ చివరి వరకు ఎమర్జెన్సీలకు వచ్చినవాళ్ళు అంతకు ముందు ఏడాది అదే సమయంతో పోలిస్తే 42 శాతం తగ్గారని అక్కడి ప్రభుత్వ సంస్థే లెక్క తీసింది. అక్కడ కోవిడ్ ఎమర్జెన్సీ ప్రకటించాక పది వారాల్లో, అంతకు ముందు పది వారాలతో పోలిస్తే, గుండెపోటుతో వచ్చినవాళ్ళు 23 శాతం, పక్షవాతంతో వచ్చినవాళ్ళు 20 శాతం తగ్గారు. వైరస్ వచ్చిందని గుండెపోట్లు తగ్గవు కదా. ఆ తగ్గినవాళ్ళంతా ఇళ్ళలో ఉన్నారు.

2020 మేలో ఒక సాయంత్రం జీడి తోటలో పనిచేసే యాభై ఏళ్ళ మనిషిని ఆటోలో తీసుకొచ్చారు. శనివారం రాత్రి ఛాతీలో బరువుగా ఉందంటే వాము నీళ్ళు ఇచ్చారు, తర్వాత సోడా. ఆదివారం ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ మాత్ర ఇచ్చాడు. సోమవారం సాయంత్రానికి పాదాలు చల్లబడి, చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి మా దగ్గరికి వచ్చాడు. ఈసీజీ కాగితం చేతిలో పట్టుకుని డ్యూటీ డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" వెంట వచ్చినావిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. శని, ఆది, సోమ. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మా ఫ్రిజ్‌లోనే ఉంది. అది పనిచేసే సమయం ఆదివారం మధ్యాహ్నానికే దాటిపోయింది.

ఆ ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇవ్వాలి, మొదటి రెండు మూడు గంటల్లో అయితే ఫలితం చాలా బాగుంటుంది. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే అది పక్షవాతం, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి, కాబట్టి అంతకంటే బాగా ముందే సీటీ స్కాన్ ఉన్న చోటికి చేరాలి. మాస్క్ పెట్టుకుని వచ్చిన మనిషికి క్యాజువాలిటీలో కరోనా అంటుకునే అవకాశం ఉంటే ఉంది, లేదనను. గుండెపోటుని ఇంట్లో దాచిపెడితే వచ్చే ప్రమాదం దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది.

లోపలికి వెళ్ళాక కూడా గంటలు గంటలు ఎందుకు పడుతుంది? అక్కడ జనమే కనిపించరు కదా?

జనం తక్కువగా ఉన్నా పని నెమ్మదిస్తుంది. ఇదివరకు ఊపిరి ఆగిన మనిషి వస్తే పరిగెత్తుకెళ్ళి ఛాతీ మీద చేతులు వేసేవాళ్ళం. కోవిడ్‌లో ముందు కిట్ వేసుకోవాలి. గౌను, ఎన్-95 మాస్క్, కళ్ళద్దాలు, రెండు జతల గ్లవుజులు. ఎంత అలవాటైనా కొన్ని నిమిషాలు పట్టేది, ఆ కొన్ని నిమిషాలు బయట నిలబడ్డ చుట్టాలకి నిర్లక్ష్యంగా కనిపించేవి.

వేసుకున్నాక ఇంకో కథ. మే నెల ఉక్కపోతలో కళ్ళద్దాల లోపల ఆవిరి. చెవులు మూసుకుపోయి స్టెతస్కోపు వినపడదు. రెండు గ్లవుజుల మీంచి నరం దొరకదు. ముఖాలు కనబడవు కాబట్టి స్కెచ్ పెన్నుతో ఒకరి వీపు మీద ఒకరం పేర్లు రాసుకునేవాళ్ళం. గొంతులో గొట్టం వేసేటప్పుడు తుంపర్లు ఎగురుతాయని గదిలో ఇద్దరు ముగ్గుర్నే ఉంచేవారు, మందు కావాలంటే అద్దం అవతలికి సైగ చేయాలి. పేషంటుకీ పేషంటుకీ మధ్య మంచం, మానిటర్ తీగలు, స్ట్రెచర్ అన్నీ తుడవాలి. స్టాఫులో ఒకరికి పాజిటివ్ వస్తే, వాళ్ళతో డ్యూటీ చేసినవాళ్ళు కూడా ఇంటికి.

అన్నిటికంటే పెద్ద ఆలస్యం పై అంతస్తులో ఉంటుంది. క్యాజువాలిటీ అంటే నిజానికి ఒక దారి. వచ్చినవాళ్ళని నిలబెట్టి వార్డుకో ఐసీయూకో ఆపరేషన్ థియేటర్‌కో పంపాలి. పైన మంచం ఖాళీ కాకపోతే కిందివాళ్ళు కదలరు. బస్సులు కదలకపోతే కాంప్లెక్సులో ప్లాట్‌ఫారం నిండిపోయినట్టే. 2021 మేలో మా దగ్గర ఒకాయన క్యాజువాలిటీ స్ట్రెచర్ మీదే మూడు రోజులున్నారు. పై వార్డుకి వెళ్ళే నాటికి మా అందరి పేర్లూ ఆయనకి నోటికి వచ్చేశాయి.

పాజిటివ్ రిపోర్టు లేకపోతే చేర్చుకోమంటే?

అలా అనకూడదు. 2021 మే 8న కేంద్ర ఆరోగ్య శాఖ స్పష్టంగా చెప్పింది: కోవిడ్ ఆస్పత్రిలో చేరడానికి పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదు, అనుమానం ఉంటే అనుమానితుల వార్డులో చేర్చుకోవాలి, వేరే ఊరివాళ్ళని కూడా తిప్పి పంపకూడదు. నెగెటివ్ రిపోర్టు తెస్తేనే ఆపరేషన్ చేస్తామనడం కూడా అంతే. పరీక్ష కోసం అత్యవసర చికిత్సనీ కాన్పునీ ఆపవద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 మేలోనే చెప్పింది. అసలు కరోనాతో పనిలేకుండానే, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తీర్పు ఇచ్చింది.

అయితే గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయికి తీర్పులు వినిపించి లాభం లేదు. "ఊపిరి అందడం లేదు, ఆక్సిజన్ ఇంత ఉంది, డ్యూటీ డాక్టరు గారిని ఒక్కసారి వచ్చి చూడమనండి" అని అంకెతో సహా చెప్పండి. అంకెకి ఉన్న బలం అరుపుకి ఉండదు.

ఆక్సిజన్ ఎంతలో ఉంటే రావాలి?

94 కంటే తగ్గితే రండి. 94 పైన ఉన్నా, ఇంట్లో ఆరు నిమిషాలు నడిచాక అంకె పడిపోతుంటే రండి. కోవిడ్‌లో విచిత్రం ఏమిటంటే, లోపల ఆక్సిజన్ 80కి దిగినా మనిషి ఫోన్‌లో మాట్లాడుతూ, టీ తాగుతూ ఉండేవాడు. చూస్తే బాగానే ఉన్నాడు కదా అనుకుంటే మోసపోతాం. పెదవులు నీలంగా మారడం, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం, మగతగా మాట్లాడడం కనిపిస్తే ఇక అంకె కోసం చూడనక్కర్లేదు.

కొందరు జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేవాళ్ళు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడిన మాట నిజం, 2020 జూన్‌లో బ్రిటన్ వాళ్ళ పరీక్షలో తేలింది. కాపాడింది ఆక్సిజన్ అవసరమైన వాళ్ళని. అవసరం లేనివాళ్ళకి లాభం కనబడలేదు. షుగర్ పేషంటుకి అయితే అనవసరమైన స్టెరాయిడ్ షుగర్‌ని ఎక్కడికో తీసుకెళ్తుంది. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ అంతగా పెరగడానికి ఒక కారణం ఇదే.

"వైజాగ్ రాసేశారు." దారిలో ఆక్సిజన్ సరిపోతుందా?

రాసేశారంటే వైజాగ్ పెద్దాస్పత్రికి పంపిస్తున్నారని. ఈ లెక్క మీకు తెలిసి ఉండాలి. అంబులెన్సులో సాధారణంగా ఉండే చిన్న సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు వస్తుంది. 15 పెడితే 100 నిమిషాలే. శ్రీకాకుళం నుంచి వైజాగ్‌లోని ప్రభుత్వ పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి నూరు కిలోమీటర్ల పైచిలుకు, రెండు గంటలు వేసుకోండి. అంటే 15 లీటర్ల మీద ఉన్న మనిషి ఒక్క చిన్న సిలిండర్‌తో బయల్దేరితే ఆనందపురం దగ్గరో మధురవాడ దగ్గరో ఖాళీ అయిపోతుంది. కేజీహెచ్ గేటు దగ్గర అరగంట ఆగాల్సి వస్తే ఏమిటన్నది ఈ లెక్కలో ఇంకా కలపలేదు.

అందుకే బండి కదలకముందు మూడు అడగండి. నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టారు? సిలిండర్ నిండుగా ఉందా, రెండోది ఉందా? అవతల మంచం ఉందని ఎవరితో మాట్లాడారు? మూడోదానికి జవాబు రాకపోతే, ఇక్కడే ఇంకో గంట ఉంచడం మంచిదేమో డాక్టర్ని అడగండి. ఇక్కడ గోడ నుంచి వచ్చే ఆక్సిజన్ అయినా ఉంటుంది.

వార్డులో వాడే పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు. 10 లీటర్ల మీద పదకొండు గంటల పైన వస్తుంది. ముక్కులో ఎక్కువ ధారతో ఇచ్చే మిషన్ నిమిషానికి 60 లీటర్ల దాకా లాగుతుంది, దానికి అదే సిలిండర్ రెండు గంటలు కూడా రాదు. 2021 ఏప్రిల్‌లో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఖాళీ ట్యాంకర్లతో వచ్చింది మన విశాఖ స్టీల్ ప్లాంటుకే, ఇక్కడ నింపుకుని మహారాష్ట్ర వెళ్ళింది. ద్రవ రూపంలో తీసుకెళ్తే ఒక లీటరు దాదాపు 860 లీటర్ల వాయువు అవుతుంది. సిలిండర్లు మోయడం కంటే ట్యాంకర్ ఎందుకు మేలో అక్కడ తెలుస్తుంది.

108 ఎందుకు ఆలస్యంగా వస్తుంది?

ఒక ట్రిప్పు అయ్యాక బండి మొత్తం కడగాలి, సిబ్బంది కిట్ మార్చుకోవాలి. ఆస్పత్రిలో మంచం దొరక్క పేషంటు బండిలోనే ఉంటే ఆ బండి ఇంకో కాల్‌కి వెళ్ళలేదు. అంబులెన్సే వార్డు అయిపోతుంది. సీతంపేట వైపు కొండ మీది గూడేల వాళ్ళకి ఇదేం కొత్త కాదు, రోడ్డు దాకా డోలీలో మోసుకొచ్చి, అక్కడ బండి కోసం ఎదురు చూసిన రోజులు వాళ్ళకి కరోనాకి ముందూ ఉన్నాయి. ఫోన్ చేసేటప్పుడు ఊరి పేరుతో పాటు రోడ్డు మీద కనబడే గుర్తు చెప్పండి: రైసు మిల్లు, చర్చి, వాటర్ ట్యాంకు.

మాది ఇచ్ఛాపురం. మేం ఎప్పుడూ బరంపురమే వెళ్తాం. బోర్డర్ మూస్తే?

శ్రీకాకుళం 130 కిలోమీటర్ల పైమాట, ఒడిశాలోని బరంపురం పాతిక. లాక్‌డౌన్‌లో మీ వైపు వాళ్ళు పడ్డ బాధ వేరు. మీరు అలవాటుగా వెళ్ళే చోటికి దారి మూసుకుపోతే ముందుగా సోంపేటలోనో పలాసలోనో పేషంటుని నిలబెట్టించుకోండి, తర్వాత ముందుకి. ఒకేసారి శ్రీకాకుళం దాకా సొంత కారులో లాక్కెళ్ళకండి.

డయాలసిస్ చేయించుకునే వాళ్ళ సంగతి?

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్ళు ఈ జవాబు జాగ్రత్తగా చదవండి. డయాలసిస్ ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు చేరుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ఆయాసం. అటు కోవిడ్‌కీ ఆయాసమే. గేటు దగ్గర ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. కవిటి వైపు నుంచి వచ్చిన ఒకావిడని అనుమానితుల లైనులో కూర్చోబెట్టారు. బస్సుల్లేక రెండు డయాలసిస్‌లు తప్పాయని గేటు దగ్గర ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కాళ్ళ వాపు చూసి ఒక వార్డుబాయ్ అడిగాడు. అతనికి వైద్యం తెలియదు, వాళ్ళ నాన్న డయాలసిస్ మీద ఉన్నాడు, అంతే.

కాబట్టి నోరు తెరిచి చెప్పే మొదటి మాట "డయాలసిస్ పేషంటు, ఆఖరిసారి ఫలానా రోజు చేయించాం" అని ఉండాలి. పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, ఈసీజీ వెంటనే తీయాలి. ఇంకొకటి. లాక్‌డౌన్‌లో బలం కోసమని ఇంటింటా కొబ్బరి నీళ్ళు తాగించారు. ఉద్దానంలో కొబ్బరికి కొదవా? కానీ కొబ్బరి నీళ్ళనిండా పొటాషియమే. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి అది బలం కాదు.

పాము కాటు కేసులు?

రోడ్డు ప్రమాదాలు లాక్‌డౌన్‌లో తగ్గాయి, హైవే మీద బళ్ళే తగ్గిపోయాయి. పాములకి లాక్‌డౌన్ లేదు. ఊడ్పుల కాలంలో ఎప్పటిలాగే వచ్చారు. విషం విరుగుడు మందు ఉన్న దగ్గరి పీహెచ్‌సీకో సీహెచ్‌సీకో వెళ్ళండి. తాడు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కరోనా పరీక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నొప్పులు మొదలైన గర్భిణిని?

ఎక్కడ రాయించారో అక్కడికే, ముందు ఫోన్ చేసి. కాన్పు ఎవరి కోసమూ ఆగదు.

తోడుగా ఒక్కర్ని కూడా ఎందుకు రానివ్వరు?

అంటు సోకుతుందని. మన దగ్గర ఒక పేషంటుతో ఆటో నిండా జనం వస్తారు, నిజమే. కానీ పూర్తిగా ఆపేయడం తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మన ఆస్పత్రుల్లో నీళ్ళు పట్టేది, పక్కకి తిప్పేది, బాత్రూమ్‌కి తీసుకెళ్ళేది ఇంటివాళ్ళే. వాళ్ళని బయటికి పంపి, ఆ పనికి కొత్తగా మనుషుల్ని పెట్టలేదు.

సవర అనే గిరిజన తెగకి చెందిన ఒక పెద్దావిడ గుర్తుంది. తెలుగు రాదు. చెయ్యి పొట్ట పైన పెట్టి ఏదో చెబుతోంది. కడుపు నొప్పి అనుకుని ఆ మందే ఇచ్చాం. మనవడు బయట చెట్టు కింద ఉన్నాడు, లోపలికి రానివ్వలేదు. సాయంత్రం ఎవరికో తోచి ఫోన్ స్పీకర్లో పెట్టి వాళ్ళిద్దర్నీ మాట్లాడించాం. "కడుపు కాదు మేడం, గుండెల మీద బండ పెట్టినట్టుందంట" అన్నాడు ఆ కుర్రాడు. అప్పుడు ఈసీజీ తీశాం. ఆవిడ బతికింది, గానీ ఆరు గంటలు పోయాయి. మాస్క్ పెట్టి, ఒక్క మనిషిని లోపల ఉంచితే అవి పోయేవి కావు.

ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి?

ఒక కాగితం. రోజూ వేసుకునే మందుల పేర్లు, షుగర్, బీపీ, పడని మందు, పాత ఆపరేషన్లు, పాత ఈసీజీ ఉంటే దాని జిరాక్స్. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు, ఆధార్. వారం రోజుల మందులు ఎప్పుడూ మిగిలి ఉండేలా చూసుకోండి. మాత్రలు అయిపోయి షుగర్ 500 దాటి వచ్చినవాళ్ళు మొదటి లాక్‌డౌన్‌లో తక్కువేం కాదు.

ఇంకా ఫోన్ చార్జర్. నవ్వకండి. తోడు వచ్చినవాళ్ళు బయట, పేషంటు లోపల, మధ్యలో ఉన్నది ఫోన్ ఒక్కటే. సంతకం కావాలి, రక్తం కావాలి, వైజాగ్ తీసుకెళ్తారా లేదా చెప్పాలి అని మేం ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. గేటు పక్క టీ కొట్టువాడు ఒకే ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేసి, పది ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాడు. అతని దగ్గర అన్నీ సన్న పిన్ను చార్జర్లే ఉండేవి. మీ ఫోన్‌కి ఏ పిన్ను కావాలో అది మీరే తెచ్చుకోండి.